అద్దం డాక్టరు ఊపిరి

ఆ ఊళ్ళో అందరికీ నోటికొచ్చిన ప్రేమకథ ఒకటుంది. చచ్చిపోయిన ప్రియుణ్ణి ఒక అమ్మాయి ముద్దుపెట్టి బతికించుకుందట. పెళ్ళికాని పిల్లలు ఆ కథ విని దిండ్లు తడుపుకునేవారు. పెళ్ళయినవాళ్ళు పక్కనున్న మొగుణ్ణి చూసి నిట్టూర్చేవారు. ఆ కథలోని అమ్మాయికి మాత్రం అది చెవినపడితే ఒళ్ళు మండిపోయేది. ఆ రోజు ఆమె పెట్టింది ముద్దు కాదు మరి, డొక్కలో మోకాలు.

ఇప్పుడామెను శవాల డాక్టరమ్మ అంటారు. చదువు పూర్తయింది గానీ చేతిలో పట్టా లేదు. పట్టా లేనిదే బతికున్నవాళ్ళ నాడి పట్టుకోకూడదని నియమం. చచ్చినవాళ్ళకు అలాంటి పట్టింపులుండవు కాబట్టి గంటలింట్లో ఉద్యోగం ఇచ్చారు.

గంటలిల్లంటే, ఎక్కడ బతికుండగానే పూడ్చేస్తారోనని హడలిపోయిన కలిగినవాళ్ళు చందాలేసి కట్టించుకున్న పొడుగాటి హాలు. శవాన్ని తెచ్చి పూలలో పడుకోబెడతారు. వేలికి దారం కడతారు. దారం రెండో కొస కాపలా గదిలో వేలాడే గంటకు ఉంటుంది. ఒంటిమీద కుళ్ళు కనిపిస్తేనే చావు ఖాయమైనట్టు లెక్క. అది తొందరగా తేలాలని హాలంతా పొయ్యిలు రాజేసి ఉంచేవారు. తీరా శవాలు ఉబ్బినప్పుడల్లా గంటలు మోగేవి. నిద్ర చెడుతోందని కాపలా తాత గంటల నాలుకలకు గుడ్డలు చుట్టాడు. డాక్టరమ్మ విప్పడం, తాత మళ్ళీ చుట్టడం. ప్రాణభయంతో కట్టుకున్న ఇంట్లో గంటల నోరు నొక్కి పడుకోవడం, అదీ ఆ ఊరి తెలివి.

లేనివాళ్ళకు ఈ గంటలూ పూలూ ఎక్కడివి. వాళ్ళు నేరుగా గోతిలోకే పోయేవారు. వాళ్ళు పోయారనడానికి అద్దం డాక్టరు మాట చాలు.

అద్దం డాక్టరంటే ఆస్పత్రికి పెద్ద, పరీక్షల సంఘానికీ పెద్దే. కోటు లోపలి జేబులో, బొజ్జకు ఆనుకుని, ఆయనకో వెండి చట్రం అద్దం ఉండేది. మనిషి ముక్కు దగ్గర దాన్ని పెట్టేవాడు. ఆవిరి పడితే బతికున్నట్టు, పట్టకపోతే పోయినట్టు. తర్వాత అదే అద్దంలో మీసం దువ్వుకుని జేబులో వేసుకునేవాడు. ఊరు ఆయన్ని దేవుడి తర్వాత అంతటివాడనేది. దేవుడు ఎప్పుడూ కాదనలేదు.

ప్రేమకథ నిజానికి గోడమీద మొదలైంది. ఆడపిల్లల్ని వైద్యం క్లాసులోకి రానివ్వని రోజుల్లో, ఒక కుర్రాడు పొద్దుటి పాఠాన్ని సాయంత్రం వాళ్ళ పెరటి గోడెక్కి ఆమెకు అప్పజెప్పేవాడు. సగం తప్పులే. ఎముకల పేర్లు తారుమారు చేసేవాడు, ఆమె పుస్తకం చూసి దిద్దేది. తప్పులు చెబుతూనే రోజూ వచ్చేవాడు. వానలో గొడుగేసుకుని వచ్చేవాడు. ఆమె ప్రేమించింది. దానిలో దాపరికం ఏమీ లేదు.

ఇంట్లో ఒప్పుకోలేదని ఆ కుర్రాడు నల్లమందు చుక్కలు తాగి పడిపోయాడు. అద్దం డాక్టరు వచ్చి అద్దం పెట్టి, పోయాడన్నాడు. గంటలింటికి చేర్చారు. గుడ్డలు చుట్టకముందు రోజులు కాబట్టి గంట మోగింది. ఆమె పరిగెత్తుకెళ్ళి, మోకాలు డొక్కలో ఆనించి, చేతులు పైకీ కిందికీ ఆడించి ఊపిరి తిరిగొచ్చేదాకా వదల్లేదు. అప్పుడు అద్దం డాక్టరు ఆమెను పక్కకు పిలిచి మెత్తగా చెప్పాడు, ఇది ప్రేమ మహిమ అనమన్నాడు, ప్రేమ ముందు శాస్త్రం ఓడిపోయిందంటే తనకు తలవంపులు ఉండవన్నాడు. అలా అంటే ఆమెను క్లాసులో కూర్చోనిస్తానన్నాడు. ఆమె తలూపింది. ఆ ఒక్క ఊపుతో ఆయన పరువు నిలిచింది, ఆమెకు చదువొచ్చింది, ఊరికి కథ దొరికింది.

కథ దొరికింది ఊరికొక్కదానికే కాదు. బతికి బట్టకట్టినవాడు చదువు మానేసి, తెల్ల అంగీ తొడుక్కుని, ఊరూరా హాళ్ళలో ‘అవతలి ఒడ్డున నేను చూసింది’ అని ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. జనం అతనికి ‘లేచొచ్చినాయన’ అని పేరు పెట్టారు. స్టేజీ ఎక్కేముందు చిన్న సీసాలోంచి కాస్త నల్లమందు వేసుకునేవాడు, మొహం పాలిపోయి కనిపించాలని. వాళ్ళమ్మ మొదటి వరసలో కూర్చుని, ఎప్పుడు ఏడవాలో తెలిసి ఏడిచేది.

పరీక్షకు ముందురోజు సాయంత్రం అతను గోడెక్కకుండా వీధి తలుపులోంచే వచ్చాడు. పెళ్ళి మాట ఖాయమయ్యాక గోడతో పనేముంది. 

“రేపు పరీక్ష మానెయ్,” అన్నాడు కుర్చీలో వాలి. “పై ఊళ్ళో హాలు అప్పుడే నిండిపోయిందట. నువ్వు స్టేజీ మీదకొచ్చి నా నుదుటి మీద ఒక్క ముద్దు పెడితే చాలు.”

“ఆడవాళ్ళని పరీక్షకి పిలవడం ఇదే మొదలు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు.”

“నాకన్నా ఆ పట్టా ఎక్కువా నీకు?”

“పట్టా తెల్ల అంగీ వేసుకుని అబద్ధాలు చెప్పదు.”

అతను మొహం అటు తిప్పుకున్నాడు. హాల్లో అయితే అక్కడ చప్పట్లు కొడతారు. “నువ్వు రాకపోతే నేను మళ్ళీ చచ్చిపోతాను,” అన్నాడు.

“పరీక్ష అయ్యాక చావు,” అంది డాక్టరమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండా. “అప్పుడైతే ఖాళీగా ఉంటాను.”

అతను వెళ్ళాక పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డాక్టరమ్మను పెంచింది ఆవిడే. “అంత మాట అనకపోవాల్సిందే,” అంది.

“అలవాటేలే పిన్నీ ఆయనకి.”

“అదేనే నా భయం,” అంది పిన్ని.

పొద్దున్న ఆస్పత్రి మేడమీద పరీక్ష. బల్ల వెనక ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఒకాయనకు ఏడాది పొడుగునా జలుబు, రుమాలు దించడు. రెండో ఆయన అద్దం డాక్టరు ఏమన్నా తలూపేవాడు, ఆయన రాకముందే ప్రాక్టీసు చేస్తున్నట్టు ఊరికే ఊపుతున్నాడు. మూలన కొయ్య స్టాండుకు అస్థిపంజరం వేలాడుతోంది. ఆ ముగ్గురిలో కాస్త చదువుకున్నట్టు కనిపించింది అదే. పెద్దాయన ఆలస్యంగా వస్తారని చెప్పి ప్రశ్నలు మొదలుపెట్టారు. డాక్టరమ్మ తడుముకోలేదు. జలుబాయన రుమాలు కాస్త దించి, రెండుసార్లు ‘ఊఁ’ అన్నాడు.

అద్దం డాక్టరు వచ్చి, కోటు సర్దుకుని, పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

“ఒక మరణం ఖాయం చేసి వస్తున్నాను,” అన్నాడు. “అమ్మాయ్, మీ వాడే. పరీక్ష ఆపేద్దాం. గంటలింటికి తీసుకెళ్ళారు, నువ్వెళ్ళు.”

తలూపుడాయన కళ్ళొత్తుకున్నాడు. డాక్టరమ్మ లేవలేదు.

“నటిస్తున్నాడండి. నిన్ననే చెప్పాడు చస్తానని,” అంది. “తర్వాతి ప్రశ్న అడగండి.”

ముగ్గురూ ఆమెను వింత జంతువును చూసినట్టు చూశారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఆమెకు ఎప్పటినుంచో పేరుంది. జలుబాయన ఏం చెయ్యాలో తోచక గుండె గదుల గురించి అడిగాడు. ఆమె చెబుతోంది. కుడివైపు గదులు అయిపోయి ఎడమవైపుకు వచ్చేసరికి తలుపు తోసుకుని లేచొచ్చినాయన తల్లి వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు, జుట్టు ముడి వీడిపోయింది. ఎప్పుడు ఏడవాలో తెలిసిన మనిషి ఏడవటం లేదు.

“వాడు లేవట్లేదమ్మాయ్,” అంది. “రోజూ వేసుకునే చిన్న సీసా కాదే. పెద్ద సీసా. అడుగున చుక్క లేదు.”

డాక్టరమ్మ నోట్లో ఎడమ గది అక్కడే ఆగిపోయింది. “ఎప్పుడత్తయ్యా?”

“నువ్వు పరీక్షకి బయల్దేరావని ఎవరో చెప్పారు. చెప్పగానే.”

ఆమె లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. అద్దం డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. “వెళ్ళు. ఏడువు, ముద్దు పెట్టు, అది నీ హక్కు. వైద్యం మాత్రం చెయ్యకు. నేను పోయాడన్నాక ఆ ఒంటిమీద పట్టా లేనివాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. వేశావంటే పరీక్ష సంగతి మరిచిపో.”

ఆమె అప్పటికే మెట్లమీద ఉంది. ముగ్గురు పెద్దలూ వెనకే బయల్దేరారు. ఇలాంటి వినోదాన్ని ఆ ఊళ్ళో ఎవరూ వదులుకోరు.

వీధి పొడుగునా ఆమె తనను తాను తిట్టుకుంది. అద్దం డాక్టరు మూర్ఖుడే, కానీ ఆయన కనీసం వెళ్ళి అద్దమైనా పెట్టాడు. తను కుర్చీలోంచి కదలకుండా, మనిషిని చూడకుండా, నటనని తేల్చేసింది. అసహ్యం కళ్ళకు కమ్మితే నాడి అక్కర్లేదనిపిస్తుంది. ఇంకా నయం, ఆవిడ చెప్పుల్లేకుండా వచ్చింది.

గంటలిల్లు కిక్కిరిసిపోయింది. తెల్లపూలలో లేచొచ్చినాయన పడుకుని ఉన్నాడు. పెళ్ళినాటికని కుట్టించుకున్న బట్టలు ఎవరో తొడిగారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, అక్కడున్న ప్రతివాళ్ళూ అతనెంత గొప్పవాడో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అతని వేలి నుంచి పోయే దారం సన్నగా వణుకుతోంది.

“దారం కదుల్తోంది,” అంది డాక్టరమ్మ.

“అన్నీ కదుల్తాయమ్మా,” అన్నాడు కాపలా తాత.

“గంట మోగలేదేం?”

“గుడ్డ చుట్టాను కదా.”

ఆమె వంగి కనురెప్ప ఎత్తింది. కంటిపాప ఆవగింజంత. పెదాలు నీలం. చెవి ఛాతీకి ఆనించి ఎదురుచూసింది. ఇక రాదనుకున్నంత సేపటికి ఒక్క ఊపిరి వచ్చింది, ఎక్కడో బావి అడుగునుంచి చేదినట్టు.

“ప్రాణం ఉంది. పక్కకి జరగండి.”

అద్దం డాక్టరు జరగలేదు. తలూపుడాయన మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. “నేను చూశానన్నాను కదా,” అన్నాడు పెద్దాయన, అందరికీ వినపడేలా. “పాపం, దుఃఖంలో ఉంది. ఇదిగో, నువ్వే చూడు.” లోపలి జేబులోంచి అద్దం తీసి, పడుకున్నవాడి ముక్కు దగ్గర ఉంచి, ఆమె చేతిలో పెట్టాడు. గాజు మీద ఆవిరి లేదు.

అద్దం ఆమె అరచేతిలో వెచ్చగా ఉంది. అప్పుడే పొయ్యిమీంచి దించిన గిన్నె మూతలా ఉంది.

పొయ్యి పక్క కుర్చీ, బొజ్జ మీది జేబు, రాజేసిన హాలు, అన్నీ ఆమెకు ఒక్కసారే అర్థమయ్యాయి. ఆమె ఆ అద్దాన్ని తిప్పి అద్దం డాక్టరు ముక్కు కింద పెట్టింది. ఆయన కోపంతో బుసకొడుతున్నాడు. గాజు తళతళలాడుతూనే ఉంది. మీసంలో ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. జలుబాయన మెడ చాచి చూశాడు.

“పట్టలేదే,” అన్నాడు.

“వెచ్చటి గాజు మీద ఆవిరి నిలవదండి,” అంది డాక్టరమ్మ. “వంట చేసే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. ఈ అద్దం లెక్కన మీరూ పోయారు. ఆ చివర మంచం ఖాళీగా ఉంది.”

జలుబాయనకు నవ్వొచ్చి, అది తుమ్మై, ఆగకుండా తుమ్ములయ్యాయి. అద్దం డాక్టరు అద్దం లాక్కుని ఊపిరి వదిలి చూసుకున్నాడు. తుడిచి మళ్ళీ వదిలాడు. తలూపుడాయన ఎటు ఊపాలో తెలియక మెడ బిగపట్టాడు. తను బతికున్నాడో లేదో ఆ పెద్దమనిషి తేల్చుకునే లోపల డాక్టరమ్మ పూలెక్కి మోకాలు డొక్కలో పెట్టింది.

చేతులు పైకి, కిందికి. ఛాతీ నొక్కి వదలడం. చెంపలు వాయించడం. అతని తల్లి మత్తు విరగడానికి కాపలా గదిలోంచి చిక్కటి కాఫీ తెచ్చింది, చుక్క ఒలకనివ్వలేదు. డాక్టరమ్మకు భయం వేసింది, బాగా వేసింది. తెల్ల అంగీ మనిషి మీద ఆమెకు ఏమీ మిగల్లేదు గానీ, వానలో గొడుగేసుకుని గోడెక్కిన ఆ పిల్లాడు చచ్చిపోతే మాత్రం ఓర్చుకోలేదు.

“ముంజేతిలో ఎముకలేంటో చెప్పు,” అంటూ నొక్కింది. “తప్పు చెప్పినా పర్లేదు, చెప్పు. నేను దిద్దుతాను. చెప్పవయ్యా.”

చాలాసేపటికి అతను దగ్గాడు. తర్వాత పెళ్ళిబట్టల మీద, పూలమీద, డాక్టరమ్మ ఒళ్ళో కక్కాడు. ప్రేమకథల్లో ఈ ముక్క ఎవరూ రాయరు. కళ్ళు తెరిచి, అలవాటైన గొంతుతో, “వెలుగు... వెలుగు చూశాను,” అన్నాడు.

“అది కిటికీ,” అంది డాక్టరమ్మ.

జనం ఊపిరి పీల్చుకుని ముద్దు కోసం చూశారు. ‘పెట్టమ్మా’ అని ఎవరో వెనకనుంచి ముద్దుగా కేకేశారు కూడా. ఒంటినిండా వాంతితో, మోచేతులు గీరుకుపోయి, జుట్టు మొహమ్మీద పడి ఉన్న మనిషిని వాళ్ళు ముద్దు పెట్టమంటున్నారు. అద్దం డాక్టరు తేరుకుని ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“ప్రేమ అని చెప్పు,” అన్నాడు. “పోయినసారి చెప్పావు కదా. సాయంత్రానికల్లా పట్టా నీ ఇంటికొస్తుంది. ఇంక అడ్డేమీ ఉండదు.”

ఆమెకు కావలసింది అదొక్కటే. బతికున్నవాళ్ళ నాడి పట్టుకోవాలి, ఇంతకాలం ఈ కుళ్ళులో కూర్చున్నది అందుకే. ఒక్క తల ఊపు చాలు. ఊపడం ఆమెకు వచ్చు. కానీ పోయిన చలికాలం జ్వరాల్లో, గంటలూ పూలూ లేకుండా గోతిలోకి పోయినవాళ్ళంతా ఈ వెచ్చటి గాజు చూసి పోయినవాళ్ళే. వాళ్ళలో ఎంతమంది నిజంగా పోయారో ఇప్పుడు తవ్వి చూసినా తేలదు. అప్పుడు తను తలూపకపోయి ఉంటే ఎవరో ఒకరు ఆ అద్దాన్ని చేత్తో పట్టుకుని చూసేవారు.

“ప్రేమ కాదు,” అంది జనం వైపు తిరిగి. “పోయినసారీ కాదు. ఈయన చావలేదు, అద్దం వెచ్చగా ఉంది. రెండుసార్లూ అంతే. మీ ఇళ్ళల్లో ఈ అద్దం చూపించి పోయారన్నవాళ్ళ సంగతి మీరే ఆలోచించుకోండి.”

ఏడవడానికి రుమాళ్ళు తెచ్చుకున్నవాళ్ళు వాటిని ఏం చేసుకోవాలో తెలియక మడత పెట్టుకున్నారు. ఎవరో ఒకావిడ, “మంచి కథ పాడు చేసింది,” అని సణిగింది. మనుషులు బతికుండగా పూడ్చబడ్డారన్న దానికన్నా ముద్దు లేదన్నదే ఆ ఊరికి పెద్ద దెబ్బ.

“నేను బతికున్నంత కాలం నీకు పట్టా రాదు,” అన్నాడు అద్దం డాక్టరు.

“మీరు బతికున్నారో లేదో ముందు తేలాలి కదండీ,” అంది డాక్టరమ్మ.

పట్టా రాలేదు. పెళ్ళీ జరగలేదు. లేచొచ్చినాయన తేరుకున్నాక ఒక సాయంత్రం మళ్ళీ పెరటి గోడెక్కాడు. మోకాలితో లేపిన మనిషి ఉపన్యాసానికి ఎవరూ రావడం లేదు, తెల్ల అంగీ విప్పేశాడు.

“నువ్వు ఎముకలు అడిగావు, వినపడింది,” అన్నాడు. “రేడియస్, అల్నా.”

“ఈసారి కరెక్టే,” అంది. “వెళ్ళి క్లాసులో చేరు.”

ఇంకేమైనా అంటుందేమోనని అతను కాసేపు కూర్చున్నాడు. ఆమె పుస్తకం తెరిచింది. అతను దిగి వెళ్ళాక మాత్రం గోడ వైపు చూడకుండా ఉండటానికి ఆమె గిన్నెలన్నీ తోమింది, తోమినవాటిని మళ్ళీ తోమింది. పిన్ని వాటిని తుడిచి బోర్లించింది.

ఊరు ఆమెను తిడుతూనే కబురు పెట్టడం మొదలుపెట్టింది. వైద్యానికి కాదు, రామ రామ, పట్టా లేనిదానితో వైద్యమా. ‘మా నాన్న పోయారు, నిజంగానే పోయారో లేదో చూసి వెళ్ళండి’ అని. ఆమె వెళ్ళేది. పోయినాయన మంచంలో కూర్చుని దగ్గుతూ ఉండేవాడు. బతికే ఉన్నారని ఆమె చెప్పేది, ఎలాగూ వచ్చాను కదా అని నాడి చూసేది, మందు చెప్పేది. దాన్ని ఎవరూ వైద్యం అనలేదు. ఆ వీధుల్లో జలుబు చేసినవాళ్ళు కూడా ‘పోతూ’ ఉండేవారు.

ఒక మధ్యాహ్నం అద్దం డాక్టరు భార్య స్వయంగా గుర్రబ్బండిలో వచ్చింది. పెద్దావిడ, గంభీరమైన మనిషి. ఎప్పుడూ డాక్టరమ్మ వైపు చూడనిది.

“భోంచేసి లేస్తూ పడిపోయారు,” అంది. “ఆస్పత్రి నుంచి ఆ తలూపే ఆయన వచ్చి, పోయారన్నాడు. అద్దం పెట్టాడు. ఈయన అద్దమే, ఈయన జేబులోంచే తీసి పెట్టాడు. నువ్వొచ్చి చూడందే నేను ఒప్పుకోనమ్మా.”

గది నిండా జనం. తలూపుడాయన మంచం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు, ఇకనుంచి ఆ కుర్చీ తనదేనన్నట్టు కాస్త నిటారుగా కూడా ఉన్నాడు. డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది. నాడి సన్నగా ఉంది గానీ ఉంది. మొహం ఒక పక్కకు జారింది. ఆయన ఒక కన్ను తెరిచాడు. ఆ కంట్లో అంత భయాన్ని ఆమె గంటలింట్లో కూడా చూడలేదు.

“పోయానా?” అన్నాడు సగం నోటితో.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆయన బతికున్నంత కాలం పట్టా రాదన్న మాట ఆమెకూ గుర్తుంది, ఆయనకూ గుర్తుంది.

“బతికే ఉన్నారండి,” అంది డాక్టరమ్మ. “పట్టా సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుక చూపించండి.”

ఆయన చూపించాడు.